ఈశాన్యం కిటికీకి పొక్క పెట్టిన తాత

పొద్దున పాలకేంద్రం నుంచి వస్తూనే మా అత్త ఖాళీ క్యాను అరుగు మీద పెట్టి, చెప్పులు విడవకుండానే చెప్పింది.

"అద్దాల ముసలోడు పోయిండట. బువ్వ తిని పన్నోడు పన్నట్టే ఉన్నడట, లేవనే లేదట."

ఆ మాట తర్వాత ఊపిరి కూడా తీసుకోలేదు. "మన కిటికీ ఆగం జేసినోడే పోయిండు తియ్యి," అంది. అని క్యాను కడగమని నా ముందుకు జరిపింది.

నేను క్యాను కడిగాను. ఏమీ అనలేదు. మా ఇంట్లో నేను ఏమీ అనకపోవడం అందరికీ అలవాటే. నాకు కూడా. ఏడో తరగతి వరకు చదువుకున్నాను. నలుగురిలో నోరు తెరిస్తే నా గొంతు వణుకుతుంది. కాగితం మీద వణకదు, అందుకే రాస్తున్నాను. మా కిటికీని ఆగం చేసింది ఎవరో తెలిసినవాళ్లు మా ఊళ్లో ఐదుగురు ఉండేవారు. ఒకాయన పోయాడు. మిగిలిన నలుగురిలో ఆ పొద్దున నోరు విప్పేవాళ్లు ఎవరూ లేరు, నాతో కలిపి.

తాత అని పిలిచేదాన్ని గాని ఆయన మాకు చుట్టం కాదు. మా ఇంటి వెనక సందులో చివరి ఇల్లు ఆయనది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అక్కడ అద్దాలు బిగించేవాడు. చెరుకు పాకం ఉడికే పెద్ద పాత్రలకు గుండ్రటి అద్దం ఉంటుందట, లోపల పలుకు కట్టిందో లేదో అందులోంచి చూస్తారట. ఆ అద్దాలు కూడా ఆయనే మార్చేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎడపల్లి చుట్టుపక్కల ఇళ్లకు కిటికీ అద్దాలు వేస్తూ, దేవుళ్ల పటాలకు ఫ్రేములు కడుతూ బతికాడు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ అద్దం కోసే కలం ఉండేది, పాత గుడ్డ పేలికలో చుట్టి. ఎవరింటికి వెళ్లినా ముందు కిటికీ దగ్గరికి పోయి, అద్దం మీద నోటితో 'హా' అని ఆవిరి ఊదేవాడు. అది ఎటునుంచి ఎటు ఆరిపోతుందో చూసేవాడు. ఆ తర్వాతే ఇంట్లోవాళ్ల మంచీచెడూ అడిగేవాడు, అడగాలనిపిస్తే.

ఆయనకు మనుషుల మీద పెద్దగా గౌరవం ఉండేది కాదు. పోయినవాళ్ల గురించి ఇలా రాయకూడదంటారు. కానీ అది తీసేసి రాస్తే ఆయన వేరే మనిషి అయిపోతాడు. ఒక మాజీ సర్పంచు తన ఫొటో తెచ్చి, దేవుడి పటం కన్నా పెద్ద ఫ్రేము కట్టమన్నాడట. "కడ్త. ఎంత పెద్దగన్న కడ్త. ఎవలన్న మొక్కుతరా అంటే మాత్రం గది నన్ను అడుగొద్దు," అన్నాడట తాత. ఆయనకు గౌరవం ఉన్నది అద్దం ఒక్కదాని మీదే. అది ఎవరి మాటకూ తల ఊపదు అనేవాడు. తడి ఉంటే ఉందని చూపిస్తుంది, లేకపోతే లేదని చూపిస్తుంది.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి.

మా ఇల్లు బోధన్ రోడ్డు మీద ఉంటుంది. మా మామ నిజామాబాద్‌లో ఒక చుట్టాల ఇంట్లో రెండు అద్దాల కిటికీలు చూసి వచ్చాడు. ఒక అద్దం, మధ్యలో వేలంత ఖాళీ, మళ్లీ ఒక అద్దం. చుట్టూ సీలు వేసి ఉంటుంది, లోపలి గాలి బయటికి రాదు, బయటి తేమ లోపలికి పోదు. బస్సుల చప్పుడు వినపడదు, ఏసీ చల్లదనం బయటికి పోదు అని చెప్పారట. మా ఇంట్లో ఏసీ లేదు. చప్పుడు సంగతి అంటారా, తలుపు పొద్దున తెరిస్తే పడుకునేదాకా తెరిచే ఉంటుంది, వచ్చేపోయేవాళ్లు కిటికీలు చూడాలి గదా. అద్దాల మీద కంపెనీవాళ్లు అంటించిన కాగితం కూడా ఏడాది దాటినా పీకనివ్వలేదు. ఆ కాగితం అంచుల్లో దుమ్ము చేరి నల్లబడింది. అదీ మా ఇంటి గొప్ప.

నేను కోడలిగా రాకముందే జరిగిన విషయం ఒకటుంది. అది నాకు తాతే చెప్పాడు, మా మామ గొంతు, వాస్తు చూసే ఆయన గొంతు రెండూ అనుకరిస్తూ.

గృహప్రవేశం అయిన కొన్నాళ్లకు మా మామకు మోకాలు పట్టేసింది. డాక్టరు దగ్గరికి వెళ్లకుండా వాస్తు చూసే ఆయన్ని పిలిపించాడు. ఆయన ఇల్లంతా తిరిగి ముందుగదిలో ఈశాన్యం మూల కిటికీ దగ్గర ఆగాడట.

"రెండద్దాల నడుమ ఏముంది పటేల్?"

"గాలి."

"ఏడ గాలి?"

"కంపెనీల నింపి పంపిన్రు."

"అంటే ఏ ఊరి గాలో తెచ్చి ఈశాన్యంల బంధించి పెట్టినవ్. ఇగ కాళ్లు పట్టుకుపోవా? ఇడువు దాన్ని."

గాలిని విడవడానికి తాతను పిలిచారు. కిటికీ విప్పి, రెండు అద్దాల మధ్య అంచున ఉండే అల్యూమినియం పట్టీకి ఒక రంధ్రం పెట్టమన్నారు. తాత చాలాసేపు నవ్వాడట.

"పటేలా, అండ్ల ఉన్నది పొడి గాలి. దాన్ని ఇడిస్తే వానకాలం తడి గాలి వచ్చి కూసుంటది. కిటికీ కండ్లకు పొర వస్తది. చెప్తున్న ఇను."

"చెప్పుడు నీ పని గాదు. పొక్క పెట్టుడు నీ పని," అన్నాడట మా మామ.

తాత పెట్టాడు. పెన్సిలు ముల్లంత రంధ్రం. పైన ప్లాస్టిక్ బద్ద మళ్లీ బిగించాక అది ఎవరికీ కనపడదు. మా మామ మోకాలు మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

నేను ఎండాకాలంలో ఆ ఇంటికి వచ్చాను. కిటికీలు తుడిచే పని నాకు ఇచ్చారు. అప్పటికి కిటికీ తళతళలాడుతూ ఉంది. మొదటి వానలు పడ్డాక ఈశాన్యం అద్దం అడుగున పాల మీగడ అంచులా తెల్లటి గీత ఒకటి వచ్చింది. తుడిచాను, పోలేదు. తర్వాత నీటి చుక్కలు వచ్చాయి. ఆ చుక్కలు ఆరి మరకలయ్యాయి. శ్రావణం వచ్చేసరికి అద్దం మొత్తం కంటిపొరలా మసకబారింది. సబ్బు నీళ్లతో తుడిచాను. నిమ్మచెక్కతో రుద్దాను. తడి పేపరుతో తుడిచాను. ఇంటి ముందు నుంచి తుడిచాను, ఇంట్లోంచి తుడిచాను.

"ఏం పెట్టి తోమినవే అద్దాన్ని?" అంది మా అత్త.

"సబ్బు నీళ్లే అత్తమ్మా."

"మంచిగున్న అద్దం సబ్బునీళ్లకు ఖరాబైతదా? మూడు కిటికీలు ఉంటే ముందుగదిదే పాయె. నీ చెయ్యే మంచిది గాదు."

అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా మొదట నీళ్లు ఇచ్చేవారు, తర్వాత నా చేతిని చూపించేవారు. "కోడలు తుడిచింది" అని ఆ కిటికీ చూపించడం కూడా మా అత్తకు ఒక సరదా అయిపోయింది. కొత్త కిటికీ ఉన్నప్పుడు ఎంత గొప్పగా చూపించిందో పాడైన కిటికీని అంతకన్నా ఇష్టంగా చూపించింది. మా ఆయన మంచివాడు. మంచివాళ్లు చేసే పనే చేశాడు, ఏమీ అనలేదు.

చివరికి మాక్లూర్ నుంచి మా అమ్మను పిలిపించారు. బిడ్డకు పని నేర్పలేదని అనడానికి. మా అమ్మ బస్సు దిగి, నీళ్లు కూడా తాగకుండా ఆ కిటికీ దగ్గరికి పోయింది. కొంగు తడిపి తుడవడం మొదలుపెట్టింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. తుడుస్తూ, "చిన్నపిల్ల వదినా, తెల్వక చేసింది, మనసుల పెట్టుకోకు," అంటోంది. చేయనిదానికి మా అమ్మ క్షమాపణ చెబుతోంది. మా మామ ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఆ రంధ్రం సంగతి ఆయనకు తెలుసు. పెట్టించింది ఆయనే. వానకాలంలో ఏమవుతుందో కూడా ఒకాయన ముందే చెప్పాడు. అన్నీ తెలిసి, మా అమ్మ కొంగు తడిసి నల్లబడేదాకా చూసి, "ఛాయ్ తాగి పో చెల్లె," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన కాళ్లకు నేను పండుగలకు మొక్కుతూనే ఉన్నాను. నడుము మాత్రమే వంగుతుంది.

కిటికీ బాగుచేయించాలని నిజామాబాద్ నుంచి ఒక దుకాణం మనిషిని పిలిపించారు. ఆయన ఇంచుటేపు తీసి దగ్గర పెట్టి చూసి, ఫ్రేముతో సహా మొత్తం పీకి కొత్తవి పెట్టాలి, మూడు కిటికీలూ ఒకేసారి మారిస్తే మంచిది అన్నాడు. అప్పుడు మా అత్తకు సందులో తాత గుర్తొచ్చాడు. ఆయన పెట్టిన రంధ్రం సంగతి తెలిసి కూడా ఎలా పిలిచింది అంటారేమో. మా అత్తకు ఒక గుణం ఉంది. తను పదిసార్లు చెప్పిన అబద్ధాన్ని పదకొండోసారికి తనే నమ్ముతుంది. నా చేతి వల్లే కిటికీ పోయిందని అప్పటికి ఆమెకు పూర్తిగా నమ్మకం కుదిరింది.

తాత వచ్చాడు. అద్దం మీద 'హా' అని ఊదాడు. ఆయన ఊపిరి పొగలా పరుచుకుని, చూస్తుండగానే ఆరిపోయింది. వెనకాల మసక అలాగే ఉంది.

"ఎన్నాళ్ల సంది గిట్లుంది?"

"ఈ పిల్ల తుడుసుడు మొదలుపెట్టినప్పటి సంది," అంది మా అత్త.

తాత అప్పుడు నన్ను మొదటిసారి చూశాడు. తర్వాత మా అత్తను చూశాడు. "తడి లోపట ఉంది పటేలమ్మా. రెండద్దాల నడుమ. నీ కోడలు అండ్లకెట్ల పోయింది? చీమ లెక్క పోయిందా, దోమ లెక్క పోయిందా?"

ఆయన సన్నటి కత్తితో ప్లాస్టిక్ బద్ద లేపాడు. అద్దాన్ని కొంచెం ముందుకు వంచి, అంచున ఉన్న రంధ్రం మీద వేలు పెట్టాడు.

"దా పటేలా. వచ్చి సూడు. యాదికొచ్చిందా?"

మా మామ ఇంటి పైకప్పు వైపు చూస్తున్నాడు. అక్కడ ఫ్యాను తప్ప ఏమీ లేదు. మా ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తి, నాన్నను చూసి, మళ్లీ ఫోన్ చూసుకున్నాడు.

"గీ పొక్క పెట్టుమన్నది నువ్వు. పెట్టింది నేను. ఒద్దని తెలిసి పెట్టిన, సిగ్గులేని చెయ్యి నాది. మన ఇద్దరి తప్పు తీస్కపోయి మూడు నెలల సంది ఈ పిల్ల మీద ఏస్తున్నరా? థూ," అన్నాడు. మా కొత్త ఇంటి గచ్చు మీద ఉమ్మలేదు. బయటికి వెళ్లి రోడ్డు పక్కన ఉమ్మి వచ్చాడు. ఆయన మర్యాద అలా ఉండేది.

ఫ్రేము మంచిగా ఉంది, అద్దమే పోయింది, దాన్నే విప్పి మళ్లీ కడతాను అన్నాడు. కానీ వెంటనే కాదు. "గాలిల తడి ఉన్నప్పుడు మూస్తే తడినే మూసినట్టు. దసరా పోనియ్యి, చలి గాలి రానియ్యి." అప్పటిదాకా మా అత్త ఆయనకు చేతగాక తప్పించుకున్నాడని ఊరంతా చెప్పింది. ఆయన చెవిన పడ్డా పట్టించుకోలేదు.

దసరా వెళ్లిన పది రోజులకు, ఎండ బాగా ఉన్న ఒక మధ్యాహ్నం మా అరుగు మీద పాత దుప్పటి పరిచి పని మొదలుపెట్టాడు. పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. మా ఆయనకు పొలం పని గుర్తొచ్చింది. మా మామకు మోకాలు గుర్తొచ్చింది. "దా బిడ్డా, నువ్వే పట్టు. ఎట్లయినా ఖరాబు చేసిన చెయ్యేనాయె," అని తాత నన్ను పిలిచాడు. ఆ ఇంటికి వచ్చాక నా చేతి మీద ఎవరైనా వేసిన మొదటి జోకు అది. నవ్వొచ్చింది.

కత్తితో చుట్టూ నల్లటి సీలు కోశాడు. రెండు అద్దాలు విడిపోయినప్పుడు పాత పుస్తకం తెరిచినట్టు చిన్న చప్పుడు వచ్చింది. నాలుగు నెలలు నేను బయటినుంచి తుడిచిన మరకలు ఇప్పుడు నా చేతికి అందాయి. ఆయన ఇచ్చిన సన్నటి పొడితో రుద్దితే ఒక్కొక్కటే పోయాయి. అద్దాలు ఎండలో ఆరాక కొత్త పట్టీ కోసి, దాని బోలు కడుపులో సగ్గుబియ్యం లాంటి గింజలు పోశాడు. లోపల మిగిలిన తేమను అవి పీల్చుకుంటాయట. డబ్బా మూత తీసిన వెంటనే పోయాలని తొందర చేశాడు.

"ఇవి నీ అత్త లెక్క గాదు బిడ్డా. తాగింది కడుపుల పెట్టుకుంటయ్. బయట చెప్పవ్."

నేను నవ్వు ఆపుకోలేక అద్దం మీదికి వంగి ఏదో అనబోయాను. ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"అద్దం ముందు నోరు తెరువకు. ఆవిరి పడ్తది. అద్దం ముందు మూసుకోవాలె, మనుషుల ముందు తెరువాలె. నువ్వు ఉల్టా చేస్తున్నవ్."

ఈ మాట ఆయన ఊరికే అన్నాడో, కావాలని అన్నాడో తెలియదు. నేను మాత్రం మరిచిపోలేదు.

పట్టీ చుట్టూ జిగురు వేసి, రెండో అద్దాన్ని దాని మీద దింపాలి. ఇద్దరం చెరో వైపు పట్టుకున్నాం, గుడ్డతో అంచులు మాత్రమే ముట్టుకుంటూ. దింపే క్షణంలో నా చేతి కింద గుడ్డ జారింది. బొటనవేలు అద్దం లోపలి వైపు తగిలింది. నేను చూశాను. చెప్పాలనుకున్నాను. అద్దం ముందు నోరు తెరవద్దన్నాడు. ఈలోపు అద్దం అతుక్కుంది, ఆయన చుట్టూ సిలికాన్ నింపడం మొదలుపెట్టాడు.

రెండు రోజులు ఆరాక కిటికీలో బిగించాడు. అందరం ముందుగదిలో ఉన్నాం. ఆయన అలవాటు ప్రకారం 'హా' అని ఊదాడు. ఊపిరి ఆరిపోయింది. కింది మూలలో కందిగింజకన్నా కొంచెం పెద్దగా ఒక వేలిముద్ర మిగిలింది. గుడ్డతో తుడిచాడు. అది పోదని ఆయనకు తుడవకముందే తెలుసు. నా చెయ్యి పట్టుకుని బొటనవేలు చూశాడు.

"నీదేనా?"

తల ఊపాను.

"అప్పుడే ఎందుకు చెప్పలే?"

"అద్దం ముందు మాట్లాడొద్దన్నవు గద తాతా."

ఆయన నవ్వాడు. ఆయన నవ్వులన్నీ ఎవరినో ఒకరిని పొడవడానికే ఉండేవి. ఆ ఒక్కటి కాదు. మళ్లీ విప్పుతానన్నాడు. లోపల వేలిముద్ర ఉంటే ఆ పని చేసినవాడికి నామోషీ అట. ఇంతలో మా అత్త దగ్గరికొచ్చి కళ్లు చిట్లించింది.

"గదేంది, గా మరక?"

తాత కత్తి సంచిలో పెట్టేసుకున్నాడు. ఇక విప్పడని నాకు అర్థమైంది.

"నీ కోడలి వేలు. ఇన్ని నెలల సంది కిటికీ ఖరాబు చేసింది, చేసింది అంటివి గదా. అప్పుడు చెయ్యలే. ఇప్పుడు చేసింది. ఇగ ఎంతసేపన్న అను."

మా అత్త ఆ రోజు నుంచి ఆ కిటికీ గురించి నన్ను ఒక్క మాట అనలేదు. నిజంగా నేను చేసిన మరక మీద ఆమెకు ఆసక్తి లేదు. నన్ను అనడం మానేసింది గాని అనడం మానలేదు. ఆ రంధ్రం పెట్టింది ముసలోడే గదా అని, అక్కడినుంచి మొదలుపెట్టింది. పాలకేంద్రంలో, బియ్యం మిల్లు దగ్గర అదే మాట. ఆయన బతికి ఉండగా వినపడేంత దూరంలో ఎప్పుడూ అనలేదు. అంత ధైర్యం ఉంటే మా ఇల్లు ఇలా ఎందుకుంటుంది.

పదకొండో రోజున తాత ఇంటి ముందు టెంటు వేసి భోజనాలు పెట్టారు. అవ్వ, అంటే తాత భార్య, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను వడ్డనలో నీళ్ల జగ్గు పట్టుకుని తిరుగుతున్నాను. మగవాళ్ల వరుసలో మా మామ అన్నం కలుపుతూ, పక్కనున్నవాళ్లతో అందరికీ వినపడేలా అన్నాడు.

"మనిషి మంచోడే. గని పనితనం లేదు. మా ఈశాన్యం కిటికీకి పొక్క పెట్టి ఆగం జేసిండు."

అవ్వ తల ఇంకాస్త కిందికి దించింది. అరవై ఏళ్లు అద్దాల మధ్య బతికిన మనిషి దినాల రోజున, ఆయన ఇంటి అన్నం తింటూ, ఆయన చేతికి పనితనం లేదంటున్నాడు. నా ముందు అద్దం లేదు, మనుషులే ఉన్నారు.

"పెట్టుమన్నది నువ్వే గద మామా," అన్నాను.

గొంతు వణికింది. అయినా మిగతాది కూడా అన్నాను. "తాత ఒద్దన్నడు. ఈశాన్యంల గాలి ఇడువాలెనని నువ్వే పెట్టిపిచ్చినవ్."

టెంటు కింద చివర కూర్చున్న ఒక పెద్దాయన, "గాలి ఇడుసుడేంది పటేలా, కిటికీలకెల్లి?" అని అడిగాడు. నవ్వు వరుసంతా పాకింది. మా మామ సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు. అవ్వ తల ఎత్తి నన్ను చూసింది. దగ్గరికి పిలిచి, నా చేతిలో జగ్గు తీసి కింద పెట్టి, తన పక్కన కూర్చోబెట్టుకుంది.

మూడు రోజులు మా ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. అత్తారింటికి వచ్చాక నేను అంత హాయిగా గడిపిన రోజులు లేవు.

ఇప్పుడు రోజూ పొద్దున ముందుగది ఊడ్చేటప్పుడు ఎండ ఆ కిటికీలోంచి ఏటవాలుగా పడుతుంది. వానలు మళ్లీ మొదలయ్యాయి. రోడ్డు తడిసి ఉంటుంది, బోధన్ బస్సు నీళ్లు చిమ్ముకుంటూ పోవడం అద్దంలోంచి స్పష్టంగా కనపడుతుంది. ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు. చీపురు పక్కన పెట్టి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, అద్దం మీద 'హా' అని ఊదుతాను. నా ఊపిరి తెల్లగా పరుచుకుని, అంచులనుంచి మెల్లగా తగ్గుతూ పోతుంది. కింది మూలలో, రెండు అద్దాల నడుమ, నా బొటనవేలి గీతలు అలాగే ఉంటాయి.